కాలువలోకి వదలమన్నారు

ఈరమ్మ తన పాలకూర మడిని మొదలంటా పీకి, మాడిన కట్టలను గంపకెత్తుకుని బస్తీ నడుమ దించింది. పోయిన వారం ఆమెను అక్కడే వదిలి వచ్చాం. నార్సింగి దాటి రింగురోడ్డు వైపు వెళితే ఇంకా పూడ్చకుండా మిగిలిన చిన్న కుంట ఒకటుంది. ఆ కుంట ఒడ్డున నాలుగు ఆకుకూర మళ్ళే ఈరమ్మ బతుకు. కుంట మీద సబ్బు నురగ తెట్టెగట్టింది. ఆ నీళ్ళు తోడిపోస్తే మళ్ళు అంచుల నుంచి మాడుతూ వచ్చాయి. ఈరమ్మ వంగి మన్ను ముట్టింది. "ఈ నీళ్ళు ఇడిచినోడు ఎవడన్న కానియ్యి, ఇగ వాడు నా గడప తొక్కొద్దు," అని బస్తీ అంతా వింటుండగా ఒట్టు పెట్టుకుంది.

ఆ నీళ్ళు వదిలింది ఆమె అల్లుడు మొగిలి. ఆ సంగతి అతనికి తెలుసు, మనకు తెలుసు. ఆమెకు తెలియదు.

ఒట్టు మాట మొగిలికి భార్య నవనీత చెప్పింది, అన్నంలో పచ్చిపులుసు పోస్తూ. అతను తలెత్తలేదు. పాలమూరు నుంచి తాపీపని కూలికి వచ్చినవాడు మొగిలి. తల్లీ తండ్రీ లేరు, ఊళ్ళో ఇల్లూ లేదు. ఈరమ్మ తన ఒక్క కూతురిని ఇచ్చి, ఇంట్లోనే ఉంచుకుంది. ఈ లోకంలో అతను తొక్కగల గడప అదొక్కటే.

మరునాడు పొద్దున అతను ఎప్పటిలాగే అపార్టుమెంటులో కార్లు కడుగుతున్నాడు.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బస్సులు డిపోలు దాటడం లేదు. ఎన్నడూ బయటికి తీయని కార్లను కూడా జనం బయటికి తీశారు. హైటెక్ సిటీ దాకా తవ్విపోసిన రోడ్ల దుమ్మంతా సాయంత్రానికి ఆ కార్లెక్కి ఇంటికొస్తోంది. మొగిలికి పని రెట్టింపయింది. శాంపూ వాడకం రెట్టింపయింది. చక్రాల మరకలకు నీలం సీసాలో ఒక మందుండేది, వేలి మీద పడితే చర్మం ఊడివచ్చేంత ఘాటు. అదీ రెట్టింపయింది.

తప్పు చేసినవాడికి చేతినిండా పనుండడం ఒక అదృష్టం. మొగిలి అపార్టుమెంటు సెక్రటరీ గారి కారు అద్దం తుడిచిందే తుడుస్తున్నాడు. అంతలో డప్పు వినిపించింది.

రింగురోడ్డు వైపు నుంచి జనం వస్తున్నారు. ముందు బ్యానరు. దాని మీద నీళ్ళు, నిధులు, నియామకాలు అని రాసి ఉంది. బ్యానరు కింద రాజేందర్ నడుస్తున్నాడు. డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న బస్తీ కుర్రాడు, అక్కడి జేఏసీకి అతనే ముందు. అతని వెనక ఈరమ్మ, నెత్తిన గంప. ఆమె పక్కన నవనీత. ఎవరి చేతిలోనో మూత తీసిన నల్లరంగు డబ్బా ఉంది.

వాచ్‌మన్ గేటుకు గొళ్ళెం పెట్టాడు. అతనిది సిద్దిపేట. ఎవరి వైపు ఉండాలో తేలక, గొళ్ళెం పక్కనే నిలబడిపోయాడు.

"పిలువు మీ సెక్రటరీని!" రాజేందర్ గేటు మీద చరిచాడు.

యజ్ఞనారాయణ భుజాన తువ్వాలుతో కిందికి దిగి వచ్చాడు. ఒంగోలు మనిషి. హైదరాబాదు ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యాడు. సెక్రటరీగిరీ అందరూ వద్దంటే ఆయనకు అంటుకుంది. చెడ్డవాడు కాడు. చెడ్డవాళ్ళ వల్లనే నీళ్ళు పాడవుతాయని ఎవరూ అనుకోకూడదు.

"గేటు మీద కొట్టకండి బాబూ, కీలు వదులుగా ఉంది. ఏం కావాలి మీకు?"

"కీలు సంగతి మల్ల చూస్తం. మా కుంట సంగతి చెప్పుండ్రి ముందుగాల."

"కుంటేమిటి?"

ఈరమ్మ గంప దించి, ఒక కట్ట తీసి గేటు చువ్వల సందులోంచి అందించింది. "గిదేందో చూడుండ్రి సారూ."

ఆయన కట్ట పట్టుకుని వాసన చూశాడు. ముక్కు చిట్లించాడు. "సబ్బు వాసన."

"మీ కార్ల సబ్బే. మా బర్రెను కుంటల దించితే తెల్లగై ఒస్తున్నది సార్!" వెనక నుంచి ఎవరో అన్నారు. "సంతకు తోలుకపోతే ఆవనుకుంటున్నరు!"

నవ్వులు లేచాయి. రాజేందర్ నవ్వలేదు.

"మా కార్ల నీళ్ళు మీ కుంటకెందుకొస్తాయయ్యా?" యజ్ఞనారాయణ గొంతు పెంచాడు. "గేటు ముందు నిలిచి దోమలు ముసురుతుంటే, నేనే దగ్గరుండి చెప్పాను, కాలవలోకి వదలమని."

డప్పు ఆగింది. ఆ తర్వాత జనం ఒక్కసారిగా కదిలారు.

"ఒప్పుకుండు! కాలువల ఇడువుమన్న అని తన నోటితోనే ఒప్పుకుండు!"

"ఒప్పుకోవడమేమిటి? మురికినీళ్ళు కాలవలోకి వదలక నెత్తిన పోసుకుంటామా?"

"సూడుండ్రి పొగరు! మా నీళ్ళల్ల మురికి కలుపుడే గాక మళ్ళ మాట సూడు!"

నెత్తిన పోసుకుంటామా అంటూ యజ్ఞనారాయణ చెయ్యి చాపాడు. జనం ఆయన మొహం చూస్తున్నారు, చెయ్యి చూడలేదు. కారు పక్కన తడిగుడ్డతో నిలబడ్డ మొగిలి ఒక్కడే ఆ చెయ్యి ఎటు చూపిస్తోందో చూశాడు. అది అపార్టుమెంటు వెనక ఉన్న కాలువ వైపు లేదు. గేటు బయట, రోడ్డు వారన, జనం అటొక కాలూ ఇటొక కాలూ వేసి నిలబడ్డ మోరి వైపు ఉంది.

మొగిలి చేతిలోని గుడ్డ జారి కింద పడింది.

వానల ముందు ఒక పొద్దున సెక్రటరీ కారు తాళం వేస్తూ, అతని వైపు చూడకుండానే అన్న మాట గుర్తుకొచ్చింది. "ఈ నీళ్ళు గేటు ముందు నిలవకుండా కాలవలోకి వదిలెయ్ మొగిలీ." ఆ మాట విని మొగిలి చాలాసేపు నిలబడ్డాడు. మోరి గేటు పక్కనే ఉంది. జానెడు గాడి తీస్తే నీళ్ళు దాంట్లో పడతాయి. కానీ సారు మోరి అనలేదు. మోరి కావాలంటే మోరి అనేవాడు గదా. చదువుకున్న మనిషి, కాలువ అన్నాడు. కాలువ వెనకుంది, ప్రహరీ గోడ అవతల, తుప్పలు పెరిగి. వానొస్తే మెరక నీళ్ళు మోసుకుపోయి కుంటలో పోసే పాత కాలువ. మొగిలి పుట్టిన ఊళ్ళో కాలువ అంటే కడుపు నింపేది, మోరి అంటే కడిగింది పోయేది. రెండింటికీ ఒక్క పేరు పెట్టే మనుషులు ఉంటారని అతనికెవరు చెబుతారు? ప్రహరీకి కన్నం పెట్టాడు. కట్టడం చుట్టూ గాడి తవ్వాడు. రెండు రోజుల చాకిరీ. జానెడు గాడితో పోయే పనికి.

"మొగిలన్నా!" రాజేందర్ చూపు అతని మీద పడింది. "గిటు రా. నువ్వు చెప్పు."

మొగిలి అక్కడ కార్లు కడుగుతాడని బస్తీకి తెలుసు. కానీ ఏ నీళ్ళు ఎటు పోవాలో తేల్చేది అతను కాదని కూడా తెలుసు. అందుకే ఇన్ని రోజులూ ఎవరి అనుమానమూ అతని మీదికి రాలేదు. కూలివాడికి పేదరికం ఇచ్చే మర్యాద అదొక్కటే.

అతను గేటు దగ్గరికి వచ్చాడు. చువ్వలకు ఇవతల అతను, అవతల అత్త, భార్య.

"నీ ముంగటనే అన్నడా, కాలువల ఇడువుమని?"

"అన్నడు."

"గంతే. ఇగ నువ్వు పక్కకు జరుగు." రాజేందర్ వెనక్కి చెయ్యి చాపాడు. నల్లరంగు డబ్బా చేతులు మారుతూ ముందుకు వచ్చింది. వాచ్‌మన్ గొళ్ళెం మీంచి చెయ్యి తీసేశాడు.

యజ్ఞనారాయణకు ఏం జరగబోతోందో ఇంకా తెలియలేదు. "అన్నాను బాబూ, అన్నానంటున్నాగా!" అంటున్నాడు.

మొగిలి జరగలేదు. జరిగితే చాలు. నోరు మూసుకుని రెండడుగులు పక్కకు వేస్తే, ఆ ముసలాయన మొహానికి రంగు పడుతుంది, తను ఇంటికి పోయి అన్నం తింటాడు. అబద్ధం కూడా చెప్పనక్కర్లేదు.

"రాజేందర్, జర ఆగు. సార్ చెప్పింది కాలువ గాదు."

"ఇప్పుడే గదనే అన్నడంటివి?"

"అన్నడు. ఆయన కాలువంటే మోరి."

"ఏంది?"

"మనది మోరి ఉంటది సూడు. ఆయన దాన్నే కాలువంటడు. నాకిప్పుడు సమజైంది."

జనం మొగిలిని చూశారు, సెక్రటరీని చూశారు. ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అప్పటికి కనకలక్ష్మి మెట్లు దిగి వచ్చింది. యజ్ఞనారాయణ భార్య. వారానికి రెండుసార్లు ఇదే గేటు దగ్గర ఈరమ్మ గంప దించుకుని ఆకుకూర బేరమాడే మనిషి.

"అవునమ్మా," అంది ఆమె మోరి వైపు చూపిస్తూ. "మా ఒంగోల్లో దీన్నే కాలవంటాం. ఇంటి ముందు కాలవ, సైడు కాలవ. పిల్లలు కాలవలో పడ్డారంటే దీంట్లో పడ్డట్టే."

"దీన్నా?" రాజేందర్ కాళ్ళ కిందికి చూసుకున్నాడు. నల్లటి నీళ్ళు, పాల ప్యాకెట్లు, ఒక చెప్పు. "దీన్ని కాలువంటరా మీరు? మరి కాలువను ఏమంటరు?"

"దాన్నీ కాలవే అంటాం బాబూ."

ముందు నవ్వింది డప్పు కొట్టేవాడు. తర్వాత నవ్వు వెనకదాకా పాకింది. రంగు డబ్బా పట్టుకున్నవాడు దాన్ని కింద పెట్టాడు, నవ్వుతూ రంగు ఎలా పూస్తారు? రాజేందర్ మాత్రం నవ్వేవాళ్ళను ఒకసారి చుట్టూ చూసి, ఆ నవ్వు అయ్యేదాకా ఆగాడు.

"మంచిది. సార్ మోరిలకే ఇడువుమన్నడు. మరి వెనుక గోడ పలగ్గొట్టి, కాలువ దాకా గాడి తవ్విందెవరు?"

"గోడ పగలగొట్టారా?" యజ్ఞనారాయణ అదిరిపడ్డాడు. "మా గోడా? ఎవరు?"

నవ్వు ఆగిపోయింది.

"నేనే," అన్నాడు మొగిలి.

ఈరమ్మ అతని వైపు చూడలేదు. అత్త అల్లుడితో ఎదురుగా మాట్లాడకపోవడం పాత మర్యాద. ఆమె ఎన్నడూ దాన్ని పాటించలేదు. అతన్ని పిల్లగా అని పిలిచేది, కొడుకును తిట్టినట్టు తిట్టేది. ఇవాళ పాటించింది.

"నవనీతా. నీ మొగణ్ణి అడుగు. ఆ కాలువ మన కుంటకు పోతదని ఎరుకేనా అని."

నవనీత అడగనక్కర్లేకుండానే మొగిలి చెప్పాడు.

"ఎరుకే."

"ఎరుకై గూడ ఎట్ల ఇడిచిండో అడుగు. సార్ను ఒక్క మాట అడుగకపాయెనా? సారూ, గది మా అత్త మళ్ళకు పోతది, గా నీళ్ళేనా అని."

"అడుగలే అత్తా."

"ఎందుకడుగలేదో అడుగు."

మొగిలి చువ్వలు పట్టుకున్నాడు. "సార్ చెప్పిండు గద అని."

అంతకంటే ఆ మాటకు వెనక ఏమీ లేదు. ఉంటే బాగుండేది. సారు చెప్పాడు, ఇతను చేశాడు. పై నుంచి వచ్చిన మాటను తిరిగి అడగకూడదని పుట్టినప్పటి నుంచి నేర్చుకున్నవాడు, తన కంచంలో విషం పొయ్యమన్నా పోస్తాడు. మొగిలి అచ్చంగా అదే చేశాడు. అడగని వినయం కన్నా అడిగిన పొగరు మేలు. కానీ ఆ సంగతి తెలిసేసరికి కొత్తిమీర మడి కూడా పోయింది.

ఈరమ్మ గంప ఎత్తుకోబోయింది. యజ్ఞనారాయణ ఊపిరి పీల్చుకున్నాడు. జరిగింది పొరపాటని తేలింది గనక, సెక్రటరీ హోదా తిరిగి వచ్చింది.

"చూడమ్మా, తెలియక జరిగింది. ఇవాళే ఆ కన్నం మూయించి, నీళ్ళు ఈ మోరీలోకి తిప్పిస్తాను. సరేనా?" మోరీ అన్న మాటను ఆయన జాగ్రత్తగా, కొత్త చెప్పు తొడుక్కున్నట్టు పలికాడు.

ఈరమ్మ గంప మళ్ళీ దించింది.

"సారూ, ఈ మోరి ఏడికి పోతది?"

"ఎక్కడికంటే..." ఆయన మోరి వైపు చూశాడు, అది పోయే దిక్కుకు చూశాడు. ఆ దిక్కున రోడ్డు మలుపు తిరిగింది. మలుపు అవతల ఏముందో ఆయన ఇన్నేళ్ళలో ఎన్నడూ వెళ్ళి చూడలేదు. "ఎక్కడికో పోతుందిగా."

"మలుపు కాడ రాళ్ళు ఊసిపోయినయి. ఆడ మోరి తెగి మా కుంటలనే పడుతది. కాలువల ఇడిచినా మాకే, మోరిల ఇడిచినా మాకే. పేరు మార్చుకుంటే నీళ్ళు మారుతయా సారూ?"

గాలికి బ్యానరు కొట్టుకుంది. దాని మీద మొదటి మాట నీళ్ళే.

కనకలక్ష్మి గేటు దగ్గరికి వచ్చింది. మొగుడి చేతిలోని పాలకూర కట్ట తీసుకుని ఆమె కూడా వాసన చూసింది.

"మొన్న పప్పు పొంగి నురగొచ్చింది ఈరమ్మా. సబ్బు వాసన. గిన్నె సరిగ్గా తోమలేదని పనిమనిషి పుణ్యవతిని నానా మాటలూ అన్నాను. ఆ పిల్ల ఏడ్చుకుంటూ పోయింది." ఆమె మొగుడి వైపు తిరిగింది. "మన కారు కడిగిన నీళ్ళే మనం తిన్నామండీ."

"ఇప్పుడవన్నీ ఎందుకే!"

"ఎందుకంటే, నీళ్ళు బయటికి పోకూడదు. మా అమ్మ వంటింటి నీళ్ళు అరటి పాదులోకి పెట్టేది, చుక్క వీధిలో పడేది కాదు. ఈ గడ్డి ఉందిగా." గేటు లోపల పక్కగా ఉన్న పచ్చిక వైపు చూపించింది. ఎవరూ కూర్చోని, ఎవరూ నడవని పచ్చిక. "దాని కింద గుంట తవ్వి కంకర పోద్దాం. కార్లు ఇక్కడికి తెచ్చి కడగనివ్వండి. పైపు వద్దు. ఒక బకెట్టు నీళ్ళు, తడిగుడ్డ చాలు. సబ్బు చిటికెడు. ఆ నీలం సీసా అసలు వద్దు."

"ఈ గడ్డి అసోసియేషన్ది. నేనొక్కణ్ణి నిర్ణయం తీసుకోలేనే."

"కాలవ నిర్ణయం ఎవర్నడిగి తీసుకున్నారు?"

జనంలో ఆడవాళ్ళు కొంగు అడ్డం పెట్టుకున్నారు. యజ్ఞనారాయణ తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

పై అంతస్తు బాల్కనీ నుంచి ఒక గొంతు దిగింది. "సెక్రటరీ గారూ! లాన్ తవ్వితే మేం ఒప్పుకోమండీ! మెయింటెనెన్స్ మేమూ కడుతున్నాం. గోడ పగలగొట్టినవాణ్ణి ముందు పంపించెయ్యండి!"

"ఒక్క గడ్డిపోచ పీకినా వాడికి లోపలికి ప్రవేశం లేదు," అన్నది పక్క బాల్కనీ.

ఈరమ్మ బాల్కనీల వైపు తలెత్తలేదు. కనకలక్ష్మితో మాత్రం చెప్పింది. "మీ మురికి మీ మన్నులనే ఇంకాలె అమ్మా. నా కండ్ల ముంగట తవ్వాలె. తవ్వినంక చూస్త నేను, ఎవరు నా గడప తొక్కుతరో, ఎవరు తొక్కరో."

చివరి మాట ఎవరికో అందరికీ తెలిసింది. మొగిలికీ తెలిసింది. పచ్చిక మీద గడ్డపార దించితే కొలువు పోతుంది. దించకపోతే ఇల్లు పోతుంది. అంత తేలికైన లెక్క అతనికి జీవితంలో ఎన్నడూ రాలేదు. కారు షెడ్డు వెనక నుంచి గడ్డపార, పార తెచ్చుకున్నాడు.

"ఏయ్!" అన్నది పై గొంతు.

మొగిలి పచ్చిక చీల్చాడు.

జనాన్ని లోపలికి రానివ్వడానికి యజ్ఞనారాయణ ఒప్పుకోలేదు. ఈరమ్మ ఒక్కతే రావచ్చన్నాడు. రాజేందర్ అందుకు తలూపాడు. మోరి గట్టు మీద కూర్చుని జనం బీడీలు ముట్టించుకున్నారు. ఎవరో ఒక పాట అందుకున్నారు, డప్పు దాని వెంట మెల్లగా నడిచింది. వాచ్‌మన్ వాళ్ళకు మంచినీళ్ళ బిందె తెచ్చిపెట్టాడు. ఎవరి వైపు ఉండాలో అతనికి తేలినట్టుంది. కనకలక్ష్మి భర్తను పక్కకు తీసుకుపోయి, బాల్కనీల వాళ్ళకు ఏం చెప్పాలో చెబుతోంది.

ఈరమ్మ గుంట పక్కన గొంతుక్కూచుంది. చేతులు మోకాళ్ళ మీద. చూపు మట్టి మీద. మొగిలి తవ్విన మట్టి ఎత్తిపోస్తుంటే అది ఆమె పాదాల మీద పడింది. కదల్లేదు. అతను ఆగి, "అత్తా, జర అటు జరుగు," అన్నాడు.

కాసేపటికి, "పల్లం గటు దిక్కున్నది. గీడ తవ్వితే నీళ్ళు గోడకే తంతయి," అని పచ్చికతో అన్నది.

మొగిలి పచ్చిక మీదుగా ఆ మాట అందుకున్నాడు. గోడకు దూరంగా, పల్లం వైపు జరిగి మళ్ళీ మొదలుపెట్టాడు. ఒంటి మీద చొక్కా తడిసి అంటుకుపోయింది. ఆమె అన్న ఆ ఒక్క మాటతో అతనికి పోయిన బలం కొంత తిరిగి వచ్చింది. తిట్టినా చాలు. ఆమె తిట్టడం మొదలుపెడితే ఇంటికి పోవచ్చు.

నడుము లోతుకు పోకముందే గడ్డపార ఖంగుమంది.

రాయి. పక్కకు జరిపి పొడిచాడు, అక్కడా రాయే. వంగి చేత్తో మట్టి తోశాడు. బండ కాదు. నిలువుగా పాతిన రాయి, నాలుగు పలకలు చెక్కింది. తల మీద పాత సున్నం తెలుపు ఇంకా అంటుకుని ఉంది. పక్క పలక మీద ఉలితో కొట్టిన గుర్తు. తాపీపని చేసినవాడు మొగిలి, అలాంటి రాళ్ళు చూశాడు. ఆ గుర్తు తడిమి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

శిఖం రాయి. వానాకాలం కుంట నిండితే నీళ్ళు ఎంతదాకా వస్తాయో, అంతదాకా పాతే హద్దు రాయి. ఆ రాయి లోపలి నేలంతా కుంటదే. దాని మీద ఎవరూ ఇల్లు కట్టకూడదు, ఎవరూ అమ్మకూడదు, ఎవరూ కొనకూడదు.

మొగిలి రాయి నుంచి తలెత్తి చూశాడు. రాయికి ఇవతల గేటు, మోరి, రోడ్డు, డప్పు. అవతల అయిదంతస్తుల అపార్టుమెంటు, దాని వెనక ప్రహరీ, ఆ తర్వాత ఎక్కడో కిందికి జారిపోయి నురగ కక్కుతున్న కుంట. కుంటకు సబ్బునీళ్ళు రావడం కాదు. ఈ కట్టడం మొత్తం కుంటలో నిలబడి ఉంది. కనకలక్ష్మి వంటిల్లు కూడా. యజ్ఞనారాయణ జీవితమంతా పనిచేసి కొనుక్కున్న నాలుగు గోడలు కూడా.

ఈ రాయి దొరికిందని ఇప్పుడు ఒక్క కేక వేస్తే చాలు. పొద్దున తనను దొంగను చూసినట్టు చూసినవాళ్ళే భుజాల మీద ఎత్తుకుంటారు. గోడ పగలగొట్టిన మొగిలి పోయి, కుంట హద్దు దొరికించిన మొగిలి మిగులుతాడు. ఈరమ్మ గడప అదంతట అదే తెరుచుకుంటుంది.

"రాజేం..." అని గేటు వైపు నోరు తెరిచాడు.

మట్టి కొట్టుకున్న చెయ్యి ఒకటి అతని మణికట్టు పట్టుకుంది. ఈరమ్మ గుంటలోకి సగం వంగి ఉంది. ఆమె ముఖం అతను ఎన్నడూ చూడని ముఖం.

"పిల్లగా, కప్పు."

"అత్తా, గిది శిఖం రాయి..."

"ఎరుకే." గొంతు పైకి రాలేదు. "అది ఈడ ఉన్నదని ఎరుకే. ఎవరు భూమిల పూడ్చిన్రో గూడ ఎరుకే. నీ కాల్మొక్కుత పిల్లగా, కప్పు. జల్ది కప్పు."

కోపం లేదు ఆ గొంతులో. భయం ఉంది.

డప్పు ఆగింది. "ఏంది పెద్దమ్మా, రాయి తగిలిందా?" రాజేందర్ కేకేశాడు. "ఆగుండ్రి, నేనొస్తున్న!"

గేటు గొళ్ళెం తీసిన చప్పుడైంది. మొగిలి పారెడు మట్టి ఎత్తి, రాయి మీద పొయ్యక, పక్కన పారెయ్యక, అలాగే పట్టుకుని నిలబడ్డాడు.